ఏవగింపు లేని బండి

నాలుగో రోజు మధ్యాహ్నం బండి తలుపును లోపలినుంచి దబదబా బాదారు.

భీమవరం దగ్గర మూతపడిన రొయ్యల ఫ్యాక్టరీ అది. బయట మే నెల ఎండకు తారు కరుగుతోంది. లోపల, ఒకప్పుడు రొయ్యల్ని గడ్డకట్టించిన గదిలో, సున్నాకు ముప్ఫై డిగ్రీల దిగువన 'ఉత్తర' అని పేరుపెట్టిన బండి నిలబడి ఉంది. అద్దానికి ఇవతల రెండు స్వెట్టర్లు తొడుక్కుని కూర్చున్న రూతు గడియారం చూసి టైము రాసుకుంది. పరీక్ష ప్రకారం ఆ బండిలో ముగ్గురు మనుషులు ఇరవయ్యొక్క రోజులు ఉండాలి.

తలుపు తీయగానే ముందు దిగినవాడు మంచుకొండల్లో పదేళ్లు కాపలా కాసిన మాజీ సైనికుడు. దిగీదిగగానే గోడ పట్టుకుని కక్కుకున్నాడు.

"చలికి కాదు మేడమ్," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "చలికైతే ఇంకో నెల ఉంటా. ఆ ముద్ద నా వల్ల కాదు. ఆకలితో చావమన్నా చస్తాగానీ అది మింగలేను."

ఆ ముద్ద తయారుచేసింది రూతే.

విజయవాడ ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే షెడ్ల మధ్య ఆమె పనిచేసే కంపెనీ ఉంది. లడఖ్‌ ఉత్తర భాగంలో, రెండు వందల కిలోమీటర్ల మేర మనిషి అలికిడి లేని మంచు పీఠభూమికి ఖనిజాలు వెతికేవాళ్లను తీసుకెళ్లే బండి కట్టడం వాళ్ల పని. అక్కడ బండి నడవడం గొప్ప కాదు. కూరుకుపోయాక ఏమిటన్నదే ప్రశ్న. శీతాకాలంలో దారి మూసుకుపోతే సాయం రావడానికి నెల పైనే పట్టొచ్చు. ఇంజను వేసుకుని వెచ్చగా కూర్చుందామంటే పొగ గొట్టం మంచులో పూడిపోయి, ఆ పొగే లోపలివాళ్లను చంపుతుంది. నెలరోజుల తిండి మోస్తే పరికరాలకు చోటుండదు. అందుకని బండి గోడలు రెండు పొరలుగా కట్టి మధ్యలో గొర్రె బొచ్చు కూరారు. చక్రాలకు గొలుసులు, దిగబడితే లాక్కోవడానికి ముందు ఉక్కుతాడు చుట్టిన చక్రం, పైన పారలు, పలకలు. సీట్ల కింద మాత్రం ఒక ట్యాంకు. మనిషి ఒంట్లోంచి బయటికి వచ్చేదంతా అందులోకి పోతుంది. రూతు పెంచిన సూక్ష్మజీవులు దాన్ని తిని వేడిని ఇస్తాయి, పక్కనున్న చిన్న అరలోకి బూడిదరంగు ముద్దను ఇస్తాయి. పరీక్షల్లో ఆ ముద్ద పాలకన్నా శుభ్రమైనదని తేలింది. దానికి ఏ వాసనా లేదు. అయినా ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిన నాలుక దాన్ని ఒప్పుకోలేదు.

రూతు కూడా ఒక్కసారే రుచి చూసింది. ఆ రోజంతా నోరు కడుక్కుంటూనే ఉంది.

"బండి సరిగానే ఉంది రూతుగారూ. మనుషులే సరిగా లేరు," అన్నాడు డైరెక్టర్ విశ్వంభర్. ఎప్పుడూ తెల్లచొక్కా, చేతికి రాసుకునే సువాసన మందు, ఆ మందు తాలూకు నిమ్మ వాసన. ఆయన బండిలో ఒక్క గంట కూడా కూర్చోలేదు. "ముద్దను మార్చలేం. మనిషిని మార్చొచ్చేమో చూడండి."

రూతు చదువంతా వాసనల మీదే. ఆమె ఆరు నెలలు కష్టపడి ముక్కులో కొట్టుకునే మందు ఒకటి తయారుచేసింది. అది ముక్కును మొద్దుబార్చదు. వాసన తెలుస్తుంది, రుచి తెలుస్తుంది. 'ఛీ' అనే భావం మాత్రం మెదడులో పుట్టదు. రెండుసార్లు పిచికారీ చేసుకుంటే పదిరోజులు పనిచేస్తుంది. విశ్వంభర్ దానికి 'నిర్వికార' అని పేరు పెట్టాడు.

మొదట దాన్ని వాడినవాడు ఆమె తమ్ముడు దావీదు. ఆటోనగర్లో పదిహేనేళ్లుగా మెకానిక్కు. బండి కింది భాగమంతా, ట్యాంకుతో సహా, వెల్డింగు చేసింది అతనే. "నేను కట్టిన బండి, మా అక్క చేసిన మందు. ఇంకొకడెందుకు?" అని తనే ముందుకొచ్చాడు. ఇరవయ్యొక్క రోజులూ రొయ్యల గదిలో పాటలు పాడుకుంటూ గడిపి, బరువు కూడా తగ్గకుండా బయటికొచ్చాడు.

"ఎట్టా ఉంది?" అని అడిగింది రూతు.

"ఉప్మా లాగా ఉందక్కా. ఉప్పు తక్కువ."

అందరూ చప్పట్లు కొట్టారు. రూతు కూడా కొట్టింది. తర్వాత చాలాసార్లు ఆ చప్పట్లు గుర్తొచ్చి ఆమె తన చేతుల్ని తనే అసహ్యించుకుంది.

*

జనవరిలో బండి ఉత్తరానికి వెళ్లింది. నడిపేవాడు దావీదు, పక్కన నరహరి అనే భూగర్భ శాస్త్రవేత్త. పదకొండో రోజున గడ్డకట్టిన నది దాటుతుంటే మంచు పలక విరిగి వెనక చక్రాలు దిగబడ్డాయి. ఉక్కుతాడు కట్టడానికి చుట్టూ ఒక్క బండరాయి లేదు, వెతకడానికి దిగిన నరహరి ఎడమకాలు నీళ్లలో తడిసింది. తర్వాత తుపాను పట్టుకుంది. బండి సగానికి పూడిపోయింది.

ఉపగ్రహ ఫోనులో రోజుకోసారి మాట్లాడేవాళ్లు. కంపెనీ డాక్టరు అడిగేవాడు, "అంతా బాగుందా?" అని. "బాగుందండీ," అనేవాడు దావీదు. "బాగుంది," అనేవాడు నరహరి. ఇరవయ్యారు రోజులు అదే మాట. ఆఫీసులో రూతు ఆ ఫోను వినడానికి రోజూ వచ్చి నిలబడేది. వాళ్ల గొంతుల్లో విసుగు కూడా లేకపోవడం చూసి, తన మందు ఇంత మంచిదా అని మురిసిపోయింది.

కూరుకుపోయిన ఇరవై ఏడో రోజున హెలికాప్టరు దిగింది. తలుపు తీసిన సైనికులిద్దరికీ కంపుకు వెనక్కి పడినంత పనైంది. నరహరి ఎడమపాదం మేజోడులోనే కుళ్లిపోయి ఉంది. కాలు మోకాలి పైదాకా తీసేయాల్సి వచ్చింది.

చండీగఢ్ ఆసుపత్రిలో తమ్ముణ్ణి చూడగానే రూతు ముందు ఒళ్లంతా తడిమింది. అతనికి గీత కూడా పడలేదు. కాసేపయ్యాక అడిగింది.

"అతని కాలు ఎప్పుడు చూశారు?"

"కూరుకుపోయిన పదోరోజు ప్రాంతంలో నల్లబడిందక్కా. నొప్పి లేదన్నాడు."

"వాసన రాలేదా?"

"వచ్చింది. బాగా వచ్చింది."

"మరి?"

దావీదు ఆ ప్రశ్న అర్థంకానట్టు చూశాడు. "వాసనే గదా."

"మందులపెట్టె ఉంది గదరా. ఫోన్లో డాక్టరున్నాడు గదా. ఒక్క మాట చెప్పి ఉంటే కాలు దక్కేది."

"చెప్పాలని అనిపించలేదక్కా. ఆయనకీ అనిపించలేదు. ఆ కాలు అట్టా పక్కన పెట్టుకునే పేకాడుకున్నాం. తిండి తిన్నాం." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "కాలి మీదినుంచి ఏదో కారి ముద్దలో పడేది. తుడిచి తినేవాళ్లం."

రూతు లేచి బయటికి వెళ్లింది. వరండా చివర చేతులు కడుక్కునే తొట్టి దగ్గర వంగి నిలబడింది. కడుపులో ఉన్నదంతా వచ్చినా డోకు ఆగలేదు. అద్దంలో కళ్లు ఎర్రబడిన తన మొహం కనిపించింది. ఏవగింపు అంటే మనిషిని నాజూకు చేసే జబ్బని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. అది చీడను ముందే పసిగట్టి కేకేసే కాపలాదారు. ఆ గొంతు నొక్కింది తానే.

విశ్వంభర్ మాత్రం విలేకరులతో, "ఇద్దరు వెళ్లారు, ఇద్దరూ ప్రాణాలతో వచ్చారు," అని చెప్పాడు. అందులో అబద్ధం లేకపోవడమే ఆమెకు మరింత రోత పుట్టించింది.

*

పదిరోజులకు దిగిపోవాల్సిన మందు దావీదుకు దిగలేదు. వరసగా మూడు విడతలు వాడటంవల్లో ఏమో, మూడు నెలలైనా అతను మునుపటి మనిషి కాలేదు.

ఇంట్లో అతని భార్య సలోమి, నాలుగేళ్ల కూతురు మెర్సీ, మునిసిపాలిటీలో పనిచేసి రిటైరైన తండ్రి యోహాను. రెండు వీధుల అవతల రూతు అద్దెకుంటుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ దావీదు ఇంట్లోనే తింటారు. ఒక ఆదివారం సలోమి చేపల పులుసు దావీదుకు, పిల్లకు వడ్డించి లోపలికెళ్లింది. రూతు గిన్నె మూత తీసి వెంటనే మూసేసింది. నిన్నటి పులుసు పులిసి నురగ కట్టింది. దావీదు అప్పటికే సగం తినేశాడు. పిల్లకు ముల్లు తీసి పెడుతున్నాడు.

"అది పాడైందిరా," అంది రూతు, పిల్ల నోటి ముందునుంచి చెయ్యి లాగేసి.

"అవునక్కా, పులిసింది," అన్నాడతను, ఇంకో ముద్ద కలుపుతూ.

సలోమి వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "జలుబుతో ముక్కు దిబ్బడేసి, పాడైన పులుసని నాకూ తెలవలేదు వదినా, నా తప్పే. కానీ ఈయన ముందుంటే రోజూ ఇదే. చెడ్డోడు కాలేదు. పిల్లంటే ప్రాణం. నేనంటే ప్రాణం. కానీ ఏది ఎంగిలో, ఏది కుళ్లిందో ఆయనకు పట్టదు. దొడ్లోంచొచ్చి అదే చేత్తో పిల్ల మొహం నిమురుతాడు. చెబితే కడుక్కుంటాడు. చెప్పకపోతే లేదు. నిజం చెబుతున్నా, పక్కన పడుకోవాలంటే ఒళ్లు జలదరిస్తంది. మొగుణ్ణి చూస్తే అట్టా అనిపిస్తందని నా మీద నాకే ఏవగింపు పుడతంది."

మర్నాడు మెర్సీకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో సెలైను ఎక్కిస్తుంటే దావీదు మంచం పక్కనే కూర్చుని ఏడ్చాడు. అసలు సంగతి తేలింది ఆ ఏడుపు మధ్యలోనే.

"మంచినీళ్ల డ్రమ్ములో ఎలుక చచ్చి తేలతంది. తీసి పారేశానక్కా. పిల్ల దాహమంది, అందులోవే ముంచిచ్చా."

"ఎలుక చచ్చిన నీళ్లని తెలుసు గదా నీకు?"

"తెలుసు." అతని కళ్లలో నీళ్లు కారుతూనే ఉన్నాయి. "తెలిస్తే ఏం చెయ్యాలో మాత్రం లోపలినుంచి రావట్లేదక్కా. ఇదివరకు అదే వచ్చేది."

పిల్ల నాలుగు రోజులకు తేరుకుంది. ఆ నాలుగు రోజులూ రూతు నోట్లో మెతుకు పెట్టుకోలేకపోయింది. ఏ పళ్లెం చూసినా ఆ బూడిదరంగు ముద్దే కనిపించేది.

*

తర్వాతి సోమవారం విశ్వంభర్ ఆమెను షెడ్డులోకి తీసుకెళ్లి కొత్త బండి చూపించాడు. పన్నెండు మంది పట్టే బండి. కింద ట్యాంకు మనిషి దిగేంత పెద్దది. నెలకు పైగా మురిగిన మడ్డి అడుగున గట్టిపడుతుంది కాబట్టి తిరిగొచ్చాక ఎవరో ఒకరు అందులోకి దిగి గీకాలి. మాదిరి ట్యాంకులో నలభై రోజులుగా మడ్డి మురుగుతోంది.

"గీకేవాడికి మన మందు రెండు పిచికారీలు," అన్నాడు విశ్వంభర్. "అది చూడటానికి గురువారం పదిగంటలకు ఒక కాంట్రాక్టరు వస్తున్నాడు. ఆయనకు బండ్లతో పనిలేదు. పది ఊళ్లలో భూగర్భ డ్రైనేజీ పనులు చేయిస్తాడు. దిగే మనుషులు దొరక్క ఇబ్బంది పడుతున్నాడు. తాగితేగానీ దిగరు, దిగితే పని చెయ్యరు. మనమేం బలవంతపెట్టట్లేదు రూతుగారూ. కష్టం తెలియకుండా చేస్తున్నాం. మీ నాన్నగారు ఆ పనే చేశారట గదా? ఈ మందు విలువ మీకన్నా ఎవరికి తెలుస్తుంది?"

మాట పూర్తిచేసి, అలవాటుగా చేతులకు నిమ్మ వాసన మందు రాసుకున్నాడు. ట్యాంకు మూత పక్కన నిలబడి ఉన్నా, ఆ షెడ్డులో రూతుకు భరించలేని కంపు ఆ చేతులదే.

"ఈ మందు అమ్మకం కాగితాల మీద నేను సంతకం పెట్టను," అంది. "నరహరి కాలు, మా పిల్ల జబ్బు, అన్నీ రాసి ఇస్తాను. ఈ మందు ఎవరికీ ఇవ్వకూడదు."

"రాయండి, తప్పకుండా చదువుతాను. గురువారం పని మాత్రం ఆగదు. మీ తమ్ముడు ఒప్పుకున్నాడు."

సాయంత్రం తమ్ముడింటికి పోయి అడిగితే దావీదు కాదనలేదు. "ట్యాంకు కట్టింది నేనే గదక్కా. మందు కూడా అక్కర్లేదు నాకు. ఎవరో ఒకరు కడగాలిగా."

గుమ్మంలో కూర్చుని ఉన్న యోహాను తల తిప్పాడు. అతనిది తక్కువ మాట్లాడే తత్వం. "నేను పాతికేళ్లు దిగింది నువ్వు దిగకుండా ఉండటానికిరా," అన్నాడు.

"అప్పుడు నీకు రోత నాన్నా. నాకు లేదు గదా."

గురువారం ఉదయం ముసలాయన ఉతికిన చొక్కా వేసుకుని రూతు ఇంటిముందు నిలబడ్డాడు. "నన్ను ఆడికి తీసకపో," అన్నాడు.

*

షెడ్డులో ఏడెనిమిది మంది ఉన్నారు. కాంట్రాక్టరు బొద్దుగా, నవ్వుమొహంతో ఉన్నాడు. అతని మనిషి ఫోనులో వీడియో తీస్తున్నాడు. దావీదు బనీను, నిక్కరుతో ట్యాంకు మూత పక్కన నిలబడ్డాడు. మూత తీయగానే వీడియో తీసేవాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. విశ్వంభర్ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దాని వెనకనుంచే మందు గొప్పతనం చెబుతున్నాడు.

"దిగొద్దురా," అన్నాడు యోహాను.

"ఏం కాదు నాన్నా."

ముసలాయన మూలనున్న నైలాను తాడు తెచ్చి కొడుకు చంకల కింద రెండు చుట్లు చుట్టి ముడివేశాడు. రెండో కొస తన నడుముకు కట్టుకున్నాడు. "తాడెందుకు పెద్దాయనా, ట్యాంకు ఆరడుగులేగా," అన్నాడు విశ్వంభర్. యోహాను ముడి ఇంకోసారి లాగి చూసుకున్నాడు.

దావీదు దిగాడు. నడుము లోతు మడ్డి. పార ఇనప గోడకు రాసుకుంటున్న చప్పుడు మొదలైంది. యోహాను మూత పక్కన బోర్లా పడుకుని లోపలికి తల వంచాడు.

"వాసన వస్తందా?"

"వస్తంది నాన్నా."

పార చప్పుడు. కాంట్రాక్టరు ఏదో అడిగాడు, విశ్వంభర్ జవాబిచ్చాడు.

"ఎట్టాంటి వాసన?"

"కుళ్లిన గుడ్డు లాగా. ఘాటుగా ఉంది."

"పైకి రా."

"ఇంకొంచెమే నాన్నా. అడుగున గట్టిగా ఉంది, గునపంతో పొడిస్తే వచ్చేట్టుంది." లోపల ఏదో పెళ్లగిల్లిన చప్పుడు, గుడగుడమని బుడగల చప్పుడు వినిపించాయి.

"వాసన వస్తందా?"

లోపల చప్పుళ్లన్నీ ఆగాయి. తర్వాత దావీదు నింపాదిగా అన్నాడు, "ఇందాకటిదాకా వచ్చింది. ఇప్పుడు అసలు రావట్లేదు. శుభ్రపడినట్టుంది."

యోహాను ఒక్క ఉదుటున లేచాడు. "లాగండి," అని అరిచాడు. "గాలి చెడింది. లాగండి."

అక్కడున్నవాళ్లకు అర్థం కాలేదు. రూతుకు అర్థమైంది. కుళ్లిన గుడ్డు వాసన వేసే ఆ విషవాయువు మోతాదు మించితే ముందుగా ముక్కునే చంపుతుంది. వాసన పోయిందంటే ప్రాణానికి ఇంకా నిమిషమో రెండో ఉన్నట్టు. ఆమె ఆ సంగతి పుస్తకంలో చదివింది. తండ్రి దాన్ని తోటి పనివాళ్ల శవాల మీద నేర్చుకున్నాడు. మామూలు మనిషైతే ఆ కంపుకు ఎప్పుడో తల్లడిల్లి పైకి ఎగబాకేవాడు.

తాడు బిగుసుకుంది. తండ్రి, రూతు, పక్క షెడ్డునుంచి పరిగెత్తుకొచ్చిన ఒక వెల్డరు కలిసి లాగారు. మిగతావాళ్లు వెనక్కి జరిగారు. కాంట్రాక్టరు కారు దాకా పోయి నిలబడ్డాడు. దావీదు తల వాల్చేసి, నల్లటి మడ్డి ఓడుతూ పైకొచ్చాడు. ఊపిరి లేదు. వెల్డరు తన ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకొచ్చి గొట్టం అతని ముక్కు దగ్గర పెట్టి సన్నగా వదిలాడు. రూతు తమ్ముడి నోట్లో వేళ్లు పెట్టి మడ్డి తీసింది, ఆ నోటికే నోరు ఆనించి గాలి ఊదింది. రోత ఆమెకు నరనరానా తెలుస్తోంది. అయినా ఊదుతూనే ఉంది. ఎన్నోసారికో దావీదు దగ్గాడు.

విశ్వంభర్ అప్పుడు దగ్గరికొచ్చాడు. "గ్యాస్ సమస్య వేరు, మందు సమస్య వేరు," అన్నాడు మెల్లగా. "రెండూ కలిపి రిపోర్టులో రాయకండి."

రూతు మడ్డి పూసుకున్న మొహం ఎత్తి అతన్ని చూసింది. అతను రుమాలు మళ్లీ ముక్కుకు పెట్టుకున్నాడు.

*

ఆమె రిపోర్టు రాసింది. ఒకటి పోలీసులకు, ఒకటి కార్మిక శాఖకు, ఒకటి నరహరి భార్యకు ఇచ్చింది. వెల్డరు సాక్ష్యం చెప్పాడు. తీసిన వీడియోను కాంట్రాక్టరు చెరిపేశాడు, అతను ఆ మందు పేరు మళ్లీ ఎత్తలేదు. కేసు నడుస్తోంది. సూక్ష్మజీవుల సీసాలు, మందు తయారీ కాగితాలు కంపెనీవే. ఇంకో కెమిస్టు దొరికితే విశ్వంభర్ మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆ కెమిస్టు చదివితే చదువుతాడని రూతు తన రిపోర్టును పత్రికలకు కూడా పంపింది. ఒక పత్రిక లోపలి పేజీలో వేసింది.

దావీదును ట్యాంకులోంచి తీసిన రెండోరోజు మధ్యాహ్నం ఇంటికి పంపారు. ఆసుపత్రిలో ఒళ్లు తుడిచారుగానీ గోళ్ల సందుల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో ఇంకా ఉంది. వీధి గుమ్మం దగ్గరే యోహాను కొడుకు చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి బండ మీద కూర్చోబెట్టాడు. పాతికేళ్లపాటు అతను పని నుంచి రాగానే పిల్లల్ని ముట్టుకోకముందు అదే బండ మీద అరగంట కూర్చుని రుద్దుకునేవాడు. పీచు, బట్టల సబ్బు తెచ్చుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. రూతు పంపు కింద బక్కెట్టు పెట్టింది. సలోమి పిల్లను ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

ముసలాయన వీపు రుద్దాడు, మెడ రుద్దాడు, ఒక్కొక్క వేలూ విడదీసి రుద్దాడు. నీళ్లు మొదట నల్లగా, తర్వాత బూడిదరంగుగా, తర్వాత తెల్లగా పారాయి. అయినా ఆపలేదు. దావీదు చర్మం ఎర్రబడింది.

"చాలు నాన్నా, పోయింది," అన్నాడు ఓపిగ్గా. "అయినా నాకేం అనిపించట్లేదు."

యోహాను సబ్బు మళ్లీ పీచుకు రాశాడు.

"నాకనిపిస్తందిరా," అన్నాడు.

రూతు ఇంకో చెంబు నీళ్లు ముంచి తమ్ముడి తల మీద పోసింది.